అద్దెలో నా సగం

ఉద్యోగం కోసం వచ్చిన హిందీ ఊళ్లో, డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో రైల్వే క్వార్టర్‌లో ఉంటూనే మేము అదే ఊళ్లోని తెలీబంధాలో ఒక చిన్న ఫ్లాట్ కొని అద్దెకిచ్చాం. మా ఆయన వ్యాగన్ల వర్క్‌షాప్ ఉద్యోగి. నేను ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. భీమవరం దగ్గర అమ్మ నాకిచ్చిన పొలం అమ్మితే ఇంటి ఖరీదులో సగం వచ్చింది. మిగతా సగానికి ఆయన లోను తీసుకున్నారు. రిజిస్ట్రీ ఇద్దరి పేరునా చెరిసగం.

ఎవరైనా అడిగితే ఆయన, "ఆడవాళ్ల పేరుంటే స్టాంపు డ్యూటీ తగ్గుతుందని ఆవిడ పేరు కూడా వేయించా" అనేవారు. రాయితీ మాట నిజమే. వినేవాళ్లు భలే పని చేశారని మెచ్చుకునేవారు. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయేదాన్ని.

అద్దె ఆయన ఖాతాలో పడేది, పన్ను కూడా మొత్తం ఆయన పేరు మీదే చూపించేవారు. ఒక ఏడాది కొత్త ఆడిటర్ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆడిటర్ రిజిస్ట్రీ నకలు చూసి, అద్దె అంతా ఒక్కరి లెక్కలో ఎందుకుందని హిందీలో అడిగారు.

"భార్యాభర్తలమే కదా సార్, ఎవరి లెక్కలో ఉంటే ఏం?" అన్నారు మావారు.

"పన్ను దగ్గర మీరిద్దరూ వేరు వేరు మనుషులు" అని ఆడిటర్ నా వైపు తిరిగారు. "మేడం, పైసా ఆప్‌నే భీ లగాయా థా?"

డబ్బు మీరూ పెట్టారా అని అంతవరకు నన్నెవరూ అడగలేదు. మావారు ఏదో చెప్పబోతే ఆడిటర్ చేత్తో వారించారు.

"హా, లగాయా. మా అమ్మ ఇచ్చిన పొలం అమ్మి సగం పెట్టాను" అన్నాను.

"అయితే సగం అద్దె ఆవిడ రిటర్నులోనే రావాలి. పైసా పెట్టకుండా ఉత్త పేరే ఉంటే మాత్రం మొత్తం మీ మీదే పడేది" అన్నారాయన మావారితో.

తిరిగి వస్తూ మావారు తెలీబంధా చెరువు దగ్గర స్కూటర్ ఆపారు.

"పొలం సంగతి నేను మర్చిపోలేదు."

"మర్చిపోయారని నేనన్నానా? ఎవరికీ చెప్పలేదు, అంతే."

"అత్తగారి సొమ్ముతో ఇల్లు కొన్నాడంటారని నామోషీ అనిపించేది" అన్నారు నీళ్లకేసి చూస్తూ.

ఇన్నేళ్లూ అది చిన్నచూపనుకున్నాను. నామోషీ అని తెలిశాక కోపం కొంత తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పలేను.

మరుసటి నెల నుంచి సగం అద్దె నా ఖాతాలో పడసాగింది. నా జీతం తక్కువ కాబట్టి ఇద్దరి పన్నూ కలిపి చూస్తే కాస్త తగ్గింది కూడా. ఆ మాట ఆయనే నలుగురికీ చెప్పారు. ఈసారి పొలం సంగతి కూడా కలిపి చెప్పారు.

కొన్నాళ్లకు అద్దెకున్న అమ్మాయి నాకే ఫోన్ చేసింది, వంటింట్లో నల్లా కారుతోందని. డ్యూటీ దిగి ప్లంబర్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఏ రకం నల్లా వేయాలో సార్‌ని అడగమంటారా అన్నాడతను. అక్కర్లేదని చెప్పి, ఇత్తడిది వేయించాను.