మేకుల కల్లంలో హుస్సేన్‌బీ గారి చేట

మార్చి నెల రెండో గురువారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా మిర్చి కల్లంలో ఒక ఉంగరం పోయింది. తొడిమలు తీసే ఆడవాళ్ళకు మజ్జిగ పంపించి అప్పుడే గడియారం చూశాను కాబట్టి సమయం సరిగ్గా చెప్పగలుగుతున్నాను. చిలకలూరిపేట నుంచి వచ్చిన వ్యాపారి కాయ నాణ్యం చూడటానికి రాశిలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చాడు. బయటికి తీసి విదిలించేసరికి వేలికి ఉంగరం లేదు. రాశి కదిలి లేచిన ఘాటుకు అందరం ఒక్కసారిగా దగ్గాం. ఆ దగ్గు ఆగకముందే ఆయన అన్నాడు: "ఎవరూ గేటు దాటొద్దు. ఈ ఆడోళ్ళ కొంగులు ఒకసారి విప్పించండమ్మా."

ముక్కులో ఆ ఘాటు, చెవిలో ఆ మాట. రెండూ కలిసి నన్ను యాభై ఏళ్ళు వెనక్కి తీసుకుపోయాయి. అప్పుడు పక్క ఊళ్ళో ఒక పెద్ద రైతు కల్లంలో ఇదే ఘాటులో ఇదే మాట విన్నాను. ఆ రోజు విప్పాల్సిన కొంగుల్లో నాది కూడా ఒకటి. మా ముఠా మేస్త్రి హుస్సేన్‌బీ గారు నా పక్కనే నిలబడి ఉన్నారు.

పెళ్ళయిన మూడో ఏడు మా ఆయన జబ్బుపడి మంచం పట్టాడు. నేను కూలికి వెళ్ళక తప్పలేదు. ఎనిమిదో తరగతి చదివాను, పొలం పని చేసి ఎరగను. హుస్సేన్‌బీ గారు నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసి, "చేతులు చూపించు" అన్నారు. చూపించాను. "ఈ చేతులకు రెండు రోజులు మంటలే. మూడో రోజు కూడా వస్తే నువ్వు నా మనిషివి" అన్నారు. మూడో రోజు వెళ్ళాను. పొడుగు మనిషి, గట్టి గొంతు. ఆవిడ పిలిస్తే రెండు చేల అవతల ఉన్నవాళ్ళు కూడా తలెత్తి చూసేవారు. నోట్లో ఎప్పుడూ ఆకువక్క ఉండేది. తిట్టేటప్పుడు మాత్రం దాన్ని పక్క బుగ్గకు తోసుకునేవారు.

తెల్లబారిన తాలు కాయ ఏరడం ఆవిడే నేర్పారు. త్వరగా పని అవుతుందని నేను పెద్ద చేట తీసుకుని దాని నిండా కాయ పోసుకున్నాను. ఆవిడ వచ్చి చేట లాక్కుని కాయంతా కుమ్మరించారు. సగం సైజు చేట ఒకటి నా ఒళ్ళో పడేశారు.

"ఎందుకక్కా, దీంతో ఎప్పటికి తెమిలేది?"

"అంత కాయ ముందు పెట్టుకుంటే ఎర్రగా కనపడటం తప్ప ఏం కనపడతది పిల్లా? కాస్తే పోసుకో. పల్చగా పరుచు. ఇటునుంచి ఒకసారి చూడు, చేట తిప్పి అటునుంచి ఒకసారి చూడు. తాలు కనపడంగానే గుప్పెడు తీసి అవతల పారెయ్యకు. దాని కిందే మంచికాయ ఉంటది."

సాయంత్రానికి నా తాలుకుప్పలో మంచికాయ ఉందేమోనని ఆవిడ చెయ్యి పెట్టి కెలికారు. మూడు కాయలు దొరికాయి. వాటిని నా అరచేతిలో పెట్టి వెళ్ళిపోయారు. అంకెలు వచ్చు కదా అని ఆ నెలాఖరు నుంచి కాటా దగ్గర తూకాలు రాసే పని కూడా నాకే ఇచ్చారు. రాసింది చదివించుకుని, మనసులో కూడుకుని, తేడా వస్తే మళ్ళీ రాయించేవారు. లెక్క మీద నాకున్న ఈ పట్టుదల అక్కడ మొదలైందే.

రైతుగారి అమ్మాయి చెవి బుట్టకమ్మ ఆ మరుసటి ఏడు పోయింది. ఆ పిల్ల కల్లంలో ఆడుకుని ఇంటికి పోయింది, చూస్తే ఒక చెవికి కమ్మ లేదు. రైతు గేటు మూయించి మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. మేం పద్దెనిమిది మందిమి. భయంతో నా చెయ్యి దానంతట అదే కొంగుముడి మీదికి పోయింది. ఆ ముడిలో మా ఆయన మాత్రలు రెండు తప్ప ఏమీ లేవు. హుస్సేన్‌బీ గారు నా మణికట్టు పట్టుకున్నారు.

"చెయ్యి తియ్. నువ్విప్పితే వీళ్ళందరూ విప్పాల్సొస్తది."

ఆకువక్క పక్క బుగ్గకు పోయింది. రైతు వైపు తిరిగారు. "కమ్మ పడింది నేల మీదండీ. నేలను వెతుకుదాం. నా వాళ్ళ ఒంటిని కాదు."

"వీళ్ళ మీద నీకు అంత నమ్మకం ఏంది?"

"నమ్మకం సంగతి కాదు. ఇయ్యాళ కొంగులిప్పితే, రేపు మీ చెప్పు కనపడకపోయినా మా కొంగే గుర్తొస్తది మీకు."

చీకటి పడేదాకా మట్టిని చేటలతో చెరిగాం. కమ్మ దొరకలేదు. మర్నాటి నుంచి ఆ కల్లం వేరే ముఠాకు ఇచ్చారు. ఇళ్ళకు నడుస్తూ నేను ఉండబట్టలేక అడిగాను. "విప్పి చూపిస్తే పని నిలిచేది కదక్కా?"

"నిలిచేది. రేపు ఆ గేట్లోకి ఎట్టా నడిచేదానివి?" అన్నారు.

మా ఆయన కోలుకున్నాక కౌలు చేశాం, తర్వాత కొంచెం పొలం కొన్నాం. చివరికి ఒక చిన్న కల్లం నాదైంది. మొదటి కాయ ఎండబోసిన రోజు హుస్సేన్‌బీ గారిని పిలిచాను. అప్పటికి చేతికర్ర వచ్చింది. కాయ వంక చూడనే లేదు. గేటు దగ్గర నిలబడి గొళ్ళెం లాగి చూశారు. "ఇది బయటుందేంది? లోపల పెట్టించు. పన్లోకొచ్చినోళ్ళు వాళ్ళంతట వాళ్ళు దాన్ని తీసి బయటికి పోగలగాల" అన్నారు. ఆ వారమే మార్పించాను. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది.

అందుకే ఈ గురువారం, వ్యాపారికి అందరికంటే దగ్గరగా కూర్చుని తొడిమలు తీస్తున్న మరియమ్మ తానే లేచి కొంగుముడి పట్టుకున్నప్పుడు, నేను వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "వద్దు, కూర్చో" అన్నాను. వ్యాపారి ముఖం ఎర్రబడింది. "అది మా నాన్న ఉంగరమమ్మా. శనివారం కాటాకు వస్తా. అప్పటికి దొరక్కపోతే మీ కాయ నాకొద్దు. పేటలో ఇంకెవరు కొంటారో కూడా చూస్తా" అని వెళ్ళిపోయాడు. కాయ సంగతి అటుంచి, ఉంగరం దొరక్కపోతే మరియమ్మ పేరు ఊళ్ళో ఏమవుతుందో నాకు తెలుసు.

రాశి మొత్తం పట్టా మీద తిరగబోసి చూశాం, లేదు. ఇక నేలే మిగిలింది. మాది నల్లరేగడి, ఎండకు నెర్రెలు విచ్చి ఉంది. పైగా ఒకప్పుడు అక్కడ ఎడ్లకు నాడాలు కొట్టేవారు. ఎక్కడ గీకినా మేకులు, విరిగిన నాడాలు, బండి చక్రాల ఇనప పట్టాల ముక్కలు. లోహాన్ని పసిగట్టే యంత్రాలు గుంటూరులో అద్దెకిస్తారని తెలిసి, శుక్రవారం పొద్దున్నే మరియమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కాను. సంచిలో మా కల్లం మేకులు గుప్పెడు వేసుకున్నాను.

కొట్టు కుర్రాయన ముందు పెద్ద పళ్ళెం ఉన్న యంత్రం తీశాడు. "ఇది బాగా లోతు చూస్తుందండీ." తర్వాత ఇంకోటి తీశాడు. "మీ నేలలో ఇనుము ఎక్కువన్నారుగా, దీనికి మీట ఉంది. ఇనుమును లెక్కచెయ్యదు. బంగారానికే మోగుతుంది."

కొట్టు వెనక మట్టి నేల ఉంది. నా మేకులు అక్కడ చల్లి, నా వేలి ఉంగరం తీసి ఒక మేకు పక్కన పెట్టమని మరియమ్మకు చెప్పాను. పెద్ద పళ్ళెం గోలగోలగా మోగింది, ఎక్కడనేది తెలియలేదు. మీట ఉన్న యంత్రం ఉంగరం మీదుగా పోయినా నోరు మెదపలేదు. మేకును వదిలెయ్యమంటే దాని పక్కనున్న ఉంగరాన్ని కూడా వదిలేసింది.

"ఇంతకన్నా చిన్న పళ్ళెం ఉందా నాయనా?"

"ఉందండీ. దీనికే తగిలిస్తా, కానీ కొంచెమే చూస్తుంది. మీకు రోజంతా పడుతుంది."

"పడనీ. ఆ మీట కూడా తగ్గించెయ్."

చిన్న పళ్ళెంతో మరియమ్మ మెల్లగా అటునుంచి ఇటు పోనిచ్చింది. మేకు దగ్గర బొంగురుగా, ఉంగరం దగ్గర సన్నగా, విడివిడిగా పలికింది. తిప్పి అడ్డంగా పోనిచ్చినా ఉంగరం దగ్గర అదే సన్న గొంతు. కుర్రాయన నవ్వాడు. "నేనైతే పెద్దదే ఇచ్చేవాణ్ణి. ఇట్టా ఏరడం ఎక్కడ నేర్చుకున్నారు?"

"మిరపకాయల్లో" అంది మరియమ్మ.

మధ్యాహ్నానికి కల్లానికి తిరిగొచ్చి, నేల మీద తాళ్ళు కట్టి సాళ్ళుగా విడగొట్టాం. బొంగురుగా మోగినచోట కూడా తవ్వి, మేకు తీసి, అదే చోటును మళ్ళీ చూశాం. శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు, రాశి అంచుకు రెండడుగుల దూరంలో, ఒక నెర్రెలో బెత్తెడు లోతున ఉంగరం దొరికింది. పైన విరిగిన నాడా ముక్క అడ్డంగా ఉంది. అప్పటికి రెండు బకెట్ల ఇనుము తీశాం.

వ్యాపారి పదింటికి వచ్చాడు. ఉంగరం మరియమ్మే ఇచ్చింది. ఆయన కళ్ళకద్దుకున్నాడు.

"వెళ్ళేటప్పుడు జేబులు చూపించి వెళ్ళండి సేటుగారూ" అంది మరియమ్మ. "రెండు బకెట్లు మేకులు తీశాం. ఒక్కటి తగ్గినా నేనూరుకోను."

ఆడవాళ్ళంతా నవ్వారు. ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. రెండు జేబులూ నిజంగానే బయటికి లాగి చూపించాడు. "తప్పయిందమ్మా" అన్నాడు, నాతో కాదు, మరియమ్మతో. ఆ తర్వాతే కాటా వేశాం.

మా కల్లంలో పోయినవి: రెండు రోజుల పని, తొక్కుడుకు నలిగిన కాయ ఒక టిక్కీ బస్తా. ఆనాడు పక్క ఊరి కల్లంలో పోయినవి: చిన్నపిల్ల బుట్టకమ్మ ఒకటి, దొరకలేదు. పద్దెనిమిది మందికి వారం రోజుల కూలి. హుస్సేన్‌బీ గారికి ఆ కల్లం, మాట పాకి ఆ పక్కనున్న మరో రెండు కల్లాలు, మళ్ళీ రాలేదు. విప్పిన కొంగుముడి, అప్పుడూ ఇప్పుడూ కలిపి, ఒక్కటీ లేదు.