నాచురంగు దారం

మా పిన్ని దర్జీ. కోట్లు కుట్టడంలో చేయి తిరిగిన మనిషి. ఆమె గడప దాటకపోవడాన్ని చాలాకాలం మేమంతా పనిమీద శ్రద్ధ అనుకున్నాం. "ఎక్కడికైనా రావే" అని అమ్మ పిలిస్తే, "కాజాలు మిగిలున్నాయక్కా" అనేది. ఆ కాజాలు ఎన్నటికీ తరిగేవి కావు.

అసలు సంగతి వేరు. ఒకసారి కిక్కిరిసిన బస్సులో ఆమెకు ఊపిరాడలేదు. గుండె దడదడలాడింది, చేతులు మొద్దుబారాయి. ప్రాణం పోతోందనుకుని దారి మధ్యలోనే దిగిపోయింది. ఆ తర్వాత బస్సు మానేసింది. పిమ్మట బజారు, వీధి, చివరికి గేటు కూడా. జనమంతా తననే చూస్తారనీ, అందరి ముందూ పడిపోతాననీ భయం. చెబితే నవ్వుతారని మరో భయం.

బాబాయి పోరగా పోరగా ఫోన్లో ఒక డాక్టరమ్మతో మాట్లాడింది.

"ఇది మీ ఒక్కరికే వచ్చింది కాదమ్మా. పారిపోయిన ప్రతిసారీ భయానికి మేత వేస్తున్నారు. కొంచెం దూరం వెళ్లి, తగ్గేదాకా అక్కడే ఉండి చూడండి."

"అంటే కచ్చాకుట్టన్నమాట" అంది పిన్ని.

అసలు కుట్టుకు ముందు వదులుగా కుట్టి, తొడిగి చూసి, బిగుతైతే విప్పి మళ్లీ వేయడం దర్జీల పద్ధతి. అలాగే ఒకరోజు గేటు, ఇంకోరోజు పక్కింటి గోడ. బాబాయి తోడుంటే వీధి మధ్యలోని సెలూన్ దాకా వెళ్లగలిగింది.

ఇంతలో టీచరమ్మ కోటు వచ్చింది. పిన్ని చేత మొట్టమొదట కోటు కుట్టించుకున్నది ఆవిడే. రిటైరవుతున్నారు, మర్నాడే వీడ్కోలు సభ. నాచురంగు కోటు కుట్టడం అయింది, అంచు పొడవునా పైకుట్టు ఒక్కటే మిగిలింది. దారం తేడా వస్తే ఆమడ దూరానికి కనిపిస్తుంది.

"ఇదేం రంగు?" అంది పిన్ని, బాబాయి తెచ్చిన ఉండ చూసి.

"ఆకుపచ్చేగా!"

"చిలకా, నాచూ ఒకటేనా నీకు? గుడ్డముక్క ఇచ్చి పంపానుగా!"

"ఆ కొట్లో ట్యూబ్‌లైటు కింద అన్నీ ఒకటేనే" అంటూ ఆయన డ్యూటీకి వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. దారం రంగేమో పగటి వెలుగులోనే తేలుతుంది.

పిన్ని గుడ్డముక్క గుప్పిట్లో పెట్టుకుని ఒంటరిగా దారాల కొట్టుకు బయలుదేరింది.

సెలూన్ దగ్గర మళ్లీ ఆ దడ మొదలైంది. వెనక్కి తిరగబోయి, ఆగి, మెట్టుమీద కూలబడింది. సెలూన్ అతను కత్తెరతోనే బయటికొచ్చాడు.

"ఏమ్మా, కటింగా?"

పిన్నికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "కాదన్నా, భయం. కాసేపు కూర్చుంటా."

"కూర్చోండి. నా కుర్చీలో కూర్చున్నోళ్లకీ భయమే, ఎలా కత్తిరిస్తానో అని."

వీధిలో జనం పోతూనే ఉన్నారు. ఎవరి గొడవ వాళ్లది. దడ పెరిగి పెరిగి, ఇక పెరగడానికి చోటు లేనట్టు నెమ్మదించింది. పిన్ని లేచి ముందుకే నడిచింది.

దారాల కొట్లోని ఉండల్ని వాకిట్లోకి తెచ్చి, ఎండలో గుడ్డముక్క పక్కన పెట్టి చూసుకుంది.

"మీ ఆయన ఒక్కసారీ ఇలా చూడలేదమ్మా" అన్నాడు కొట్టతను.

"తెలుస్తూనే ఉంది."

తిరిగొస్తుంటే సెలూన్ ముందు బాబాయి రొప్పుతూ ఎదురయ్యాడు. కళ్లజోడు మరిచిపోయి ఇంటికొచ్చి, మిషను ముందు ఖాళీ కుర్చీ చూసి పరుగెత్తుకొచ్చాడట.

"ఎక్కడికి పోయావే! గుండె ఆగినంత పనైంది!"

"ఆగదులే. ఈ మెట్టుమీద కూర్చో, అదే తగ్గుతుంది."

లోపలి నుంచి సెలూన్ అతను తొంగిచూశాడు. "ఇవాళ నాకన్నీ కూర్చునే బేరాలేనా!"

మర్నాడు కోటు వెంట పిన్నీ సభకు వెళ్లింది. తలుపు పక్క కుర్చీ ఏరుకుంది గానీ, చివరిదాకా ఉంది. బస్సు మాత్రం ఎక్కలేదు. నడిచే వెళ్లింది, బాబాయిని నడిపించుకుంటూ.