వేరే పాఠకుల దగ్గర ఉంది

ఆసుపత్రిలో ఆమెను అందరూ కత్తెరమ్మ అనేవాళ్ళు. ఎదురుగా కాదు, వెనకాల. ఆపరేషన్లకు వాడిన కత్తెరలు, పటకార్లు, కత్తులు కడిగి, ఆరబెట్టి, గుడ్డలో మూటగట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి తీసే గదిలో పందొమ్మిదేళ్ళు చేసింది. మూటలో ఒక్క కత్తెర తగ్గిందంటే థియేటర్ తలుపు దాకా వెళ్ళి సర్జనునే నిలదీసేది. పనిలో వంక పెట్టడానికి లేదు. మనిషి మాత్రం, ఏం చెప్పమంటారు, ఒట్టి ముల్లు.

ఆ ముల్లు ఎక్కువగా గుచ్చుకున్నది తోడికోడలికి. ఒకే ఇంట్లో కింద వాటా పెద్దకోడలైన ఈవిడది, మీద వాటా చిన్నకోడలిది. పన్నెండేళ్ళ కిందట ఆ చిన్నకోడలు వచ్చి అదే ఆసుపత్రిలో, అదే గదిలో ఉద్యోగంలో చేరింది. ఇంట్లో మొహం చూడక తప్పదు సరే, ఇక్కడ కూడానా అని కత్తెరమ్మకు మొదటి రోజే ఒళ్ళు మండింది. ఆ మంట ఇక ఆరలేదు. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని ఆయాలు చెప్పుకునేవాళ్ళు. నన్నడిగితే గడ్డీ మంటా రెండూ కత్తెరమ్మవే. చిన్నది తక్కువ మాట్లాడే మనిషి. ఆ తక్కువ మాట్లాడటమే పొగరని ఈవిడ వాదన.

అలా ఉండగా ఆ గదికి ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయింది. ఇన్నేళ్ళ సర్వీసు నాది, ఇంకెవరికిస్తారులే అనుకుంది కత్తెరమ్మ. సూపరింటెండెంటేమో పరీక్ష పెడతానన్నాడు. ఇరవై ఏడు రోజుల గడువు. పరికరాల శుద్ధి మీద ఒకే ఒక్క పుస్తకం, ప్రశ్నలన్నీ అందులోంచే. ఆ పుస్తకం బీరువాలో లేదు, ఆసుపత్రి ఆన్‌లైన్ లైబ్రరీలో ఉంది. అదీ ఒక్క కాపీయే. ఒకరు తీసుకుంటే ముప్పై రోజుల దాకా ఇంకొకరికి తెరుచుకోదట. కంప్యూటర్లో ఉన్న పుస్తకం ఒకరు చదివితే అరిగిపోతుందా అని అడిగితే, కొన్నప్పుడు పెట్టుకున్న రూలు అంతే అన్నారు. పరీక్ష రాసేది ఈ తోడికోడళ్ళిద్దరే.

ముందుగా లైబ్రరీ గదిలో ఒక పూట శిక్షణ ఇచ్చారు. నేర్పేది లైబ్రరీ ఆయన, కళ్ళజోడు ముక్కు చివరికి జారినా పైకి తోసుకోని బద్ధకస్తుడు. కత్తెరమ్మ పక్క కుర్చీలో చిన్నది కూర్చుంది. పాఠం సగంలో ఉండగా థియేటర్ నుంచి ఫోను, రెండు పటకార్లు తగ్గాయని. కత్తెరమ్మ ఫోనులో అరుస్తుంటే చిన్నది ఆమె ముందున్న మౌసు అందుకుని, "నేను చేసిపెడతాలే అక్కా" అంది. ఏదో నింపింది, ఏదో నొక్కింది, ఇంకేదో కూడా అంది. కత్తెరమ్మ చెవి ఫోను మీదుంది. ఊ అనేసి లేచింది. చిన్నది పాస్‌వర్డ్ రాసిన చీటీ చేతిలో పెడితే, దీని చేతిరాతతో నాకేం పని అనుకుని, గుమ్మం పక్క చెత్తబుట్టలో పడేసి పోయింది.

మర్నాడు పాస్‌వర్డ్ కావాల్సొచ్చింది. చిన్నదాన్ని అడగడమా, చచ్చినా అడగదు. లైబ్రరీ ఆయన దగ్గరికెళ్ళి, నిన్న నాకు అసలు అకౌంటే అవ్వలేదని పచ్చి అబద్ధం ఆడి, ఇంట్లో ఉన్న రెండో ఫోను నంబరిచ్చి కొత్తది చేయించుకుంది. పుస్తకం పేరు కొట్టింది. అట్ట బొమ్మ వచ్చింది. దాని కింద ఎర్రటి అక్షరాలతో ఒక వాక్యం: వేరే పాఠకుల దగ్గర ఉంది.

వేరే పాఠకులు ఎవరుంటారు, ఒక్కతే. పేరు చెప్పమంటే, చెప్పకూడదు, రూలు అన్నాడు లైబ్రరీ ఆయన. కత్తెరమ్మ తిన్నగా గదికొచ్చి ఆవిరి యంత్రం దగ్గర చిన్నదాన్ని పట్టుకుంది.

"పుస్తకం వదులుతావా లేదా?"

చిన్నది చేతిలోని ట్రే కింద పెట్టింది. "పుస్తకం ఎవరి దగ్గరుందో నీకు తెలియదా అక్కా?"

అని నవ్విందట. నవ్వింది అని కత్తెరమ్మ ఊరంతా చెప్పింది. అక్కడే ఉన్న ఆయా మాత్రం, అది నవ్వు కాదు, పెదవి వణికింది అంటుంది.

ఇక కత్తెరమ్మ రోజూ డ్యూటీ దిగగానే లైబ్రరీ గదిలో తిష్ఠ వేసింది. ఆ పుస్తకం దొరక్కపోతే అందులో ఉన్న సంగతి ఇంకెక్కడైనా దొరక్కపోదని పంతం. మొదటి రోజు తెర మీద వెతికే పెట్టెలో "కత్తెరలు ఎంతసేపు ఆవిరిలో ఉంచితే పూర్తిగా శుద్ధి అవుతాయి" అని నిండు ప్రశ్న కొట్టింది. నాలుగు లక్షల జవాబులు వచ్చిపడ్డాయి, మొదటిది బట్టల ఫ్యాక్టరీ గురించి.

"అదేం మీ అమ్మమ్మ కాదు, అడగ్గానే కూర్చోబెట్టి కథ చెప్పడానికి," అన్నాడు లైబ్రరీ ఆయన. "ముఖ్యమైన మాటలు రెండు కొట్టు. ఆ రెండూ పక్కపక్కనే రావాలంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టు. పాతవి వద్దనుకుంటే ఎడమ పక్క పాత సంవత్సరాలు తీసెయ్యి."

తిట్టుకుంటూనే నేర్చుకుంది. తీరా మంచి వ్యాసం దొరికిందీ అంటే సారాంశం మాత్రమే వచ్చేది, తక్కినదానికి తాళం. "పూర్తి పాఠం" అనే గడిలో టిక్కు పెడితే తాళం లేనివే వస్తాయని వారం తర్వాత తెలిసింది. ముందే చెప్పి ఏడవొచ్చుగా అంటే, నువ్వు అడగలేదుగా అన్నాడు. ఒక్కో డేటాబేసులో ఒక్కో ముక్క ఏరి నోటుబుక్కు సగం నింపింది. అయినా ఆ పుస్తకంలో ఉన్న పట్టికలు ఎక్కడా దొరకలేదు. రోజూ ఎర్ర వాక్యం చూసినప్పుడల్లా తోడికోడల్ని తిట్టుకునేది. ఇరవయ్యో రోజున సూపరింటెండెంటుకు ఫిర్యాదు రాసిచ్చింది, తోడికోడలు కావాలని పుస్తకం తొక్కిపెట్టిందని.

ఆయన చిన్నదాన్ని పిలిచి అడిగాడు. "ఎవరి దగ్గరుందో అక్కకే తెలుసు సార్" అందట, అంతే, ఇంకో ముక్క లేదు. ఆయనకు అది తలబిరుసుగా తోచింది. పరీక్షయ్యేదాకా చిన్నదాని లైబ్రరీ అకౌంట్ మూసెయ్యమన్నాడు. కత్తెరమ్మ ఆ పూట మెట్ల మీద పాట పాడుకుంటూ దిగింది.

కానీ సోమవారం పరీక్ష అనగా, శుక్రవారం మధ్యాహ్నం చూస్తే ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి. అకౌంట్ మూస్తే పుస్తకం వెనక్కి రావాలి కదా. కత్తెరమ్మ లైబ్రరీ ఆయన బల్ల మీద అరచేత్తో చరిచింది. ఆయన నిట్టూర్చి, రూలు పక్కన పెట్టి, ఏవో నాలుగు నొక్కి తెర ఇటు తిప్పాడు.

"ఈ ఫోను నంబరు నీదే కదమ్మా?"

ఆమెదే. కింద పేరూ ఆమెదే, ఉద్యోగి నంబరూ ఆమెదే. పుస్తకం తీసుకున్న తేదీ శిక్షణ రోజు, పదకొండు నలభై. వరసలో తర్వాత ఎదురుచూస్తున్నది చిన్నకోడలు.

ఆ రోజు ఫోనులో అరుస్తూ కత్తెరమ్మ ఊ కొట్టేసిన మాట అప్పుడు చెవిలో పడింది, ఇన్నాళ్ళకి. "ఒక్కటే ఉంది అక్కా, ముందు నువ్వే తీసుకో." అదీ చిన్నది అన్నది.

"వెనక్కిచ్చెయ్యి, ఫిర్యాదు తప్పని ఒక కాయితం రాయి. ఈ పూటే ఆమె అకౌంట్ తెరిపిస్తా," అన్నాడాయన.

"రాస్తాలే," అంది కత్తెరమ్మ. చిన్నది తెరిచిపెట్టిన ఆ పాత అకౌంట్ పాస్‌వర్డ్ మార్పించుకుంది. పుస్తకం తెరిచింది. శుక్రవారం సాయంత్రమంతా చదివింది, శనివారం సెలవు పెట్టి చదివింది. పట్టికలన్నీ ఎక్కించుకుంది. సిగ్గు వెయ్యలేదా అంటే వేసింది, వేస్తూనే ఉంది, పేజీ మాత్రం తిరుగుతూనే ఉంది. ఆఖరి పేజీ అయ్యాక, శనివారం నాలుగుంబావుకి, వెనక్కిచ్చే బటన్ నొక్కింది. కాయితం కూడా రాసింది. అప్పటికి సూపరింటెండెంట్ ఇంటికెళ్ళిపోయాడు.

పోస్టు కత్తెరమ్మకే వచ్చింది. పదకొండు మార్కుల తేడా.

ఇన్‌ఛార్జి కుర్చీలో మొదటి రోజు చిన్నది రిజిస్టరు తెచ్చి ముందు పెట్టింది. వెనక ట్రేలో ఆ పూట మూట.

"ఇరవై నాలుగు కత్తెరలు, పదహారు పటకార్లు."

కత్తెరమ్మ పెన్ను తీసి పట్టుకుంది. "ఆ పుస్తకం..."

"శనివారం నాలుగుంబావుకి మెసేజ్ వచ్చింది, ఖాళీ అయిందని. నాకేమో అకౌంట్ తెరుచుకోలేదు. సోమవారం పరీక్షయ్యాక తెరిచారు."

"నాకు నిజంగా తెలియదే. నా దగ్గరుందని తెలిసుంటే..."

"శుక్రవారం మధ్యాహ్నం తెలిసిందటగా. లైబ్రరీ ఆయన చెప్పాడు."

యంత్రం బుస్సుమని ఆవిరి వదిలింది. చిన్నది రిజిస్టరులో సంతకం చోటు వేలుతో చూపించింది.

"సంతకం పెట్టండి మేడమ్," అంది.

కత్తెరమ్మ కత్తెరలు లెక్కపెట్టకుండా సంతకం పెట్టేసింది.