ఈగల డబ్బా

బందరులో కొన్న ఫైటర్ చేప మా ఇంటికి వచ్చిన నాటి నుంచి గింజల మేత ముట్టలేదు. ఎర్రటి తోక ముడుచుకుని గాజు తొట్టిలో ఓ మూల పడి ఉండేది. అమ్మినాయన్ని ఫోన్లో అడిగితే, ప్రాణమున్న మేత వెయ్యండి, పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్ని ఇంట్లోనే పెంచుకోవచ్చు అన్నాడు. నాకు మొండితనం ఎక్కువ. వేలెడంత చేప నా మీద అలిగి చావడం ఏమిటని పంతం పట్టాను.

మా పెడనలో ఆ ఈగలకు కరువు లేదు. కలంకారీ నల్లరంగు కోసం కుండలో బెల్లం నీళ్లు పోసి, తుప్పు ఇనుము వేసి పులియబెడతారు. ఆ కుండ చుట్టూ ఎప్పుడూ ఈగలే. పక్కింటివాళ్ల షెడ్డులో కుండ దగ్గర అరటిపండు ముక్క వేసిన ప్లాస్టిక్ డబ్బా పెట్టి, సాయంత్రం మూత బిగించి తెచ్చుకున్నాను. గాలి ఆడేలా డబ్బా పక్కన చిల్లు చేసి పలచటి గుడ్డ అంటించాను. కొద్ది రోజులకే అందులో పురుగులు, వాటి వెనకే కొత్త ఈగలు.

"ఊళ్లోవాళ్లు పనిలేక ఈగలు తోలుకుంటారు. మా కోడలు పెంచుతోంది," అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు.

మావయ్యగారు మాత్రం ఏమీ అనలేదు. నిరుడు పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన దేనికీ ఏమీ అనడం లేదు. ఎడమచేత్తో చెక్క అచ్చును బట్ట మీద ఆనించి, కుడి పిడికిలితో దాని మీద గుద్దడం ఆయన జన్మంతా చేసిన పని. ఆ కుడిచెయ్యే పడిపోయింది. వాడుతూ ఉంటేనే తిరిగొస్తుందని గుడివాడ డాక్టరు చెప్పారు. పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని ఆయన మంచం కిందికి దొర్లించేసి, చేతిని తువ్వాలు కింద దాచుకుని చేప ముందు కూర్చునేవారు. చూస్తే నాకు కోపం వచ్చేది, ఏడుపూ వచ్చేది.

చిక్కంతా మేత వేసేటప్పుడే. మూత తీస్తే ఈగలు ఎగిరిపోతాయి. కాసేపు ఫ్రిజ్‌లో ఉంచితే మత్తుగా పడి ఉంటాయని విని, డబ్బాని పాలగిన్నె పక్కన పెట్టాను. అత్తగారు చూశారు. ఆ పూట మా ఇంట్లో ఏం జరిగిందో రాయను. ఇక మిగిలింది ఒకటే దారి. డబ్బాని తట్టి, ఈగలు అడుక్కి రాలగానే చప్పున తొట్టిలోకి వంచాలి. నేను వేళ్లతో భయంభయంగా తట్టేదాన్ని. సగం ఈగలు వంటింట్లోకి, సగం నా మొహం మీదికి.

ఒక ఉదయం మావయ్యగారికి విసుగొచ్చింది.

"అదేం తట్టడం అమ్మాయ్? ఇటివ్వు."

ఒళ్లో తువ్వాలు తీసి బల్ల మీద మడతపెట్టి, దాని మీద డబ్బా ఉంచి ఎడమచేత్తో పట్టుకున్నారు. కుడిచెయ్యి వణుకుతూ లేచింది. పిడికిలి పూర్తిగా ముడుచుకోలేదు. మూత మీద పడ్డ మొదటి దెబ్బకి ఈగలు కదల్లేదు. ఆయన పెదవి బిగించి మళ్లీ కొట్టారు. ధబ్బుమని మోగింది. ఈగలు రాలాయి. నేను మూత తీసి వంచాను. చేప మూలలోంచి వచ్చి ఒకదాన్ని అందుకుంది, తర్వాత ఇంకోదాన్ని.

ఆ చప్పుడుకి అత్తగారు వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. ఆయన చేతినే చూస్తూ ఉన్నారు. అచ్చు కొట్టే బలం ఆ చేతికి ఇంకా రాలేదు. వస్తుందని నాకు నమ్మకం కుదిరింది మాత్రం ఆ పూటే.

మర్నాడు పొద్దున్నే, బాగా మాగిపోయిన అరటిపండును చెత్తబుట్టలో వెయ్యబోతుంటే అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఉంచవే, ఈగలకి కావాలి. మీ మావయ్యగారు లేవగానే అడుగుతారు."