పొగడ్తలు కోరితే పొగ వచ్చింది

తెలివితక్కువ పని నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను. ఐరాల దగ్గర మా పెంకుటింట్లో కట్టెల పొయ్యి వెనక గోడ మసిబారి ఉండేది. దానికి తెల్లటి టైల్స్ వేయించాను. పైన పొగ పోయే కంత ఒక్కటే మిగిలింది.

"ఈ కంత ఏంది బావా, పన్నూడిన నోరు మాదిరి? మూసెయ్, గోడ అద్దం మాదిరి ఉంటాది" అన్నాడు మా బావమరిది. మూయించేశాను.

గోడ చూపించుకోవాలని బంధువులను పిలిచాను. పాలు పొంగించడానికి అమ్మ పొయ్యి అంటించింది. పాలకంటే ముందు పొగ పొంగింది. అందరూ వాకిట్లోకి పరుగెత్తారు. అమ్మ మాత్రం రాలేదు. మళ్లీ లోపలికి దూరాను. తడుముకుంటూ వెళ్లి చేయి పట్టుకున్నాను.

"పాలు పొంగకుండా లేస్తే ఎట్లరా? అయినా పొగ యాడికి పోవాల నాయనా, నీ నోట్లోకా?" అంది దగ్గుతూనే.

బయట బావమరిది పకపకా నవ్వాడు. "పొగడ్తలకని పిలిచి అందరికీ పొగ పెట్టినావే బావా!"

మర్నాడు కంత తెరిచే పని అతనికే అప్పజెప్పాను. సుత్తి దెబ్బకు లోపలి మసంతా నెత్తిన పడింది. ఆ ముఖాన్ని ఫోటో తీసి, పటం కట్టించి, ఆ తెల్లగోడకే తగిలించాను. ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్లు గోడను పొగడటం లేదు, దిష్టిబొమ్మ బాగుందంటున్నారు.