అందరి వెనక వచ్చే అంకుల్

ముందు తప్పేమిటో చెప్పాలి. ఆ వెంటనే చేసినవాడెవడో చెప్పాలి. నేను చదువుకున్న కరపత్రాలన్నీ అలాగే మొదలవుతాయి, నాకూ ఆ పద్ధతే వచ్చు. తప్పు ఇది: ఎవరినీ వెనక వదలని మనిషిగా మేమంతా ఎరిగిన ఆయన్ను మట్టి చేస్తుంటే, ఆయన వల్ల బాగుపడ్డవాడొకడు అక్కడికి రాలేదు. చేసినవాడు నేను.

ఈ దీవికి ఈశాన్య కొసన, పుంగ్గోల్‌లో మా పక్క బ్లాకులో ఉండే అంకుల్ గత నెల ఒక మంగళవారం, తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచి ముఖం కడుక్కుంటూ, గుండె ఆగి పోయారు. ఏడింటికల్లా మా ఆదివారం సైకిళ్ళ గుంపు వాట్సాప్‌లో కబురు వచ్చింది. మధ్యాహ్నం నమాజు తర్వాత ఖననం అని, ఎక్కడో, ఎలా రావాలో అన్నీ రాశారు. నేను చూడలేదు. ఆ గుంపు సందేశాలు మోగకుండా రెండు నెలల ముందే నొక్కిపెట్టాను. ఎందుకు నొక్కిపెట్టానో దాచేటట్టయితే ఇది రాయడమే దండగ. అసూయతో.

ఖననం చేసే ఖబరస్తాన్ ఈ దీవికి పడమటి కొసన ఉంది. నేను పనిచేసే ఫ్యాక్టరీ బూన్ లేలో. అక్కణ్ణుంచి బస్సెక్కితే అరగంట పట్టదు. మా వాళ్ళందరూ పుంగ్గోల్ నుంచి దీవి అంతా దాటుకుని నేనున్న వైపుకే వచ్చారు, ఆయన్ను మట్టిలో పెట్టారు, తిరిగి వెళ్ళిపోయారు. ఆ వేళకు నేను క్యాంటీన్‌లో చేపల కూర చప్పగా ఉందని తిట్టుకుంటూ అన్నం తింటున్నాను. సాయంత్రం రైల్లో గుంపు తెరిచి చూశాను. సంతాపాలు చూడటానికి కాదు, అంకుల్ జపాన్ మంచు ఫోటోలు ఇంకేమైనా పెట్టారేమో చూసి మరికాస్త కుళ్ళుకుందామని. పొద్దుటి కబురు కనబడింది. బిషాన్ స్టేషన్‌లో దిగి రైలు మారాల్సినవాణ్ణి, దిగలేదు.

ఆయన్ను ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. నిజామాబాద్ దగ్గర పుట్టి, హైదరాబాద్‌లో చదివి, ఇక్కడ లిఫ్టుల కంపెనీలో ఇంజినీరుగా జీవితం గడిపిన మనిషి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలంగాణ తెలుగు. ఆదివారమైతే సైకిలు. ఏటా ఫిబ్రవరిలో మాత్రం పది రోజులు జపాన్ మంచు కొండలు. రెండు కాళ్ళూ ఒకే పలకకు కట్టేసుకుని కొండ మీది నుంచి జారేవారు, అరవై దగ్గర పడుతున్న మనిషి. తిరిగి రాగానే ఆ పలకను కారిడార్‌లో రెండు కుర్చీల మీద బోర్లా పెట్టి, అడుగున మైనం కరిగించి పాత ఇస్త్రీపెట్టెతో రుద్దేవారు. ఉక్కకు బనీను ఒంటికి అతుక్కుపోయి ఉండేది, ఆయన మాత్రం మంచు కోసం ఇస్త్రీ చేస్తూ ఉండేవారు. ఎదురింటి చైనీస్ ఆంటీ తలుపు తీసి, “అంకుల్, యువర్ షర్ట్ సో హార్డ్ ఆ?” అని అడిగేది. సోమవారం ఆఫీసుకు ఇదే తొడుక్కుపోతానని ఆయన జవాబు. ఏటా ఇదే ప్రశ్న, ఇదే జవాబు, ఇద్దరూ ఏటా నవ్వేవాళ్ళు.

ఈ దీవిలో పుట్టని మంచు మీద మీకింత మోజెందుకని ఒకసారి నిలదీశాను. నిలదీయడం నాకు అలవాటు. ఆయన ఇస్త్రీ ఆపకుండానే చెప్పారు.

“ఇక్కడ సైకిల్ ఎటు పోవాల్నో గీత గీసి పెట్టిన్రు బేటా. మంచు మీద గీత మనదే. పొద్దుమీకంగ మిషన్ వచ్చి అన్ని గీతలు తుడిచేస్తది. తెల్లారి మళ్ల తెల్ల కాయితం.”

తెల్ల కాగితం కనబడితే నినాదం రాయాలనుకునేవాణ్ణి నేను. రాసింది తుడిచిపోతుందని సంతోషించే మనిషిని మొదటిసారి చూశాను. కోపం వచ్చింది. కోపంతో పాటు, నాకూ ఆ మంచు కావాలనిపించింది. ఆయన వెనక నుంచి చూస్తుండగా నేను ఆ కొండ దిగాలి. మూడేళ్ళు నేను ఆయన దగ్గర కోరుకున్నది ఇదొక్కటే.

ఆదివారం మా గుంపు పుంగ్గోల్ జెట్టీ దగ్గర బయలుదేరి సముద్రం పక్కనే చాంగీ దాకా వెళ్ళి వస్తుంది. అంకుల్ సైకిలు ఎప్పుడూ ఆఖరున ఉండేది. తొక్కలేక కాదు. ఎవరు అందరికంటే నెమ్మదో వాళ్ళ వెనక ఆయన. వాళ్ళు దిగితే ఆయనా దిగేవారు, నీళ్ళు తాగితే ఆయనా తాగేవారు. తొందరపెట్టినట్టు కనబడకూడదని వాళ్ళకంటే ఒక గుటక ఎక్కువే తాగేవారు.

నా రోగం ఇక్కడే మొదలైంది. నేను వేగంగా తొక్కుతాను. అంటే ఆయన మాటలు నాకెప్పుడూ వినబడవు. ఆయన కబుర్లు, సామెతలు, చిన్నప్పటి నిజామాబాద్ సంగతులు, అన్నీ వెనక ఆయాసపడుతూ వచ్చేవాళ్ళకే. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న సన్న పుస్తకాల్లో ప్రతి రెండో పేజీలో బలహీనుల పక్షాన నిలబడమని ఉంటుంది. కాగితం మీద నిలబడ్డాను కూడా. ఆదివారం పొద్దున మాత్రం బలహీనులను చూస్తే నా కళ్ళలో కారం కొట్టినట్టుండేది.

వాళ్ళలో అందరికంటే నెమ్మది గుడివాడ ఆంటీ. నలభై ఎనిమిదో ఏట సైకిలు నేర్చుకుంది, బ్రేకు వేయాల్సిన చోటల్లా కాలు కింద పెడుతుంది. ఒక ఆదివారం తిండి కొట్లుండే చాంగీ హాకర్ సెంటర్‌కు నేనే ముందు చేరి, ప్రాటా అనే పరోటాల కొట్టు ఎదుట బల్ల దగ్గర నా పక్క కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేశాను, అంటే ఇక్కడి పద్ధతిలో కుర్చీ ఆపి ఉంచాను. అంకుల్ కోసమని. నలభై నిమిషాల పాటు ఎంతమంది అడిగినా ఇవ్వలేదు, ఒకాయనతో గొడవ కూడా పెట్టుకున్నాను. ఆయన వచ్చారు, కుర్చీ చూశారు, నా వీపు తట్టారు, గుడివాడ ఆంటీని అందులో కూర్చోబెట్టారు. “నా కోసమే ఆపావా బాబూ, నీ కడుపు చల్లగుండ” అని ఆమె నా టిష్యూతోనే చెమట తుడుచుకుంది. అంకుల్ నిలబడే కాఫీ తాగారు.

ఆ మరుసటి ఆదివారం ఒక వంతెన దగ్గర ఎవరూ చూడకుండా నా వెనక చక్రం గాలి నేనే తీసేశాను. అందరూ దాటిపోయాక ఆయన వచ్చారు. పంపు తీసి గాలి కొట్టారు. తర్వాత రెండు కిలోమీటర్లు నా పక్కన తొక్కారు. ఎన్నాళ్ళుగానో కావాలనుకున్న రెండు కిలోమీటర్లు అవి. వాటి చివర ఆయన అన్నారు.

“హవా నువ్వే తీసినవ్ గదా బేటా. వాల్వ్ టోపీ నీ జేబుల ఉన్నది. ఇగ పో, ముందట ఎవరో ఒకరు తొవ్వ జూపాలె.”

నన్ను తరిమేశారనుకున్నాను. పని అప్పజెప్పారని ఇవాళ్టికి అర్థమవుతోంది.

ఇక మంచు సంగతి. ఆంటీకి, అంటే ఆయన భార్యకి, ఒక పలక ఉండేది. ఆమె వాడేది కాదు. దాన్ని ఏటా ఒక మనిషికి ఇచ్చి, ఆ ఒక్కరినే వెంట తీసుకెళ్ళి మంచు మీద నిలబడటం నేర్పేవారు. ఒక ఏడు, ఒక మనిషి. ఇద్దరుంటే ఒకరి వెనకే ఉండగలం, రెండోవాడు ఒంటరి అవుతాడని ఆయన లెక్క. ఆ ఏడు ఎవరి వంతో జనవరిలో చెప్పేవారు. మొదటి ఏడు నేను కాదు. రెండో ఏడూ కాదు. ఈ జనవరిలో ప్రాటా బల్ల దగ్గర గుడివాడ ఆంటీ పేరు చెప్పారు. ఆమె ఫ్రిజ్‌లో ఐసు తప్ప మంచే చూడలేదని నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వెళ్ళి చేతులు కడుక్కున్నాను.

తర్వాత ఆయన్ను లిఫ్టు దగ్గర పట్టుకుని, ఎందుకు నేను కాదని అడిగాను. గొంతు లేచింది, ఒప్పుకుంటాను. ఆయన లిఫ్టు తలుపుకు చేయి అడ్డం పెట్టి చెప్పారు.

“నువ్వు నేను లేకున్నా పోతవ్. ఆమె పోదు.”

ఆ రాత్రే కరపత్రం రాశాను. ‘మంచు ఎవరిది?’ అని పేరు. కొండలను కోసి లిఫ్టులు వేయడం గురించి, నిండిన కడుపుల వినోదం గురించి, ఊళ్ళో నీళ్ళు లేకపోతే యంత్రాలతో మంచు కురిపించడం గురించి మండిపడ్డాను. ఆదివారం అందరి చేతుల్లో పెట్టాను. అంకుల్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మొత్తం చదివారు. మా గుంపులో మొత్తం చదివింది ఆయనొక్కరే.

“మూడో పేరా, గా నీళ్ల ముచ్చట, నిజమే, నాక్కూడ గా బాధ ఉన్నది. మిగిలినదంత కడుపుమంట. మూడో పేరా ఉంచుకో.”

ఫిబ్రవరిలో ఫోటోలు వచ్చాయి. తెల్లటి వాలు మీద గుడివాడ ఆంటీ చేతులు చాచి, నోరు తెరిచి, పలక మీద నిలబడి ఉంది. అంకుల్ ఏ ఫోటోలోనూ లేరు. ఒక్కదాంట్లో మాత్రం ఆమె వెనక మంచు మీద నీడ ఉంది. ఆ నీడను చూసి గుంపు నోరు నొక్కాను. ఆయన తిరిగొచ్చాక ఆదివారాలు వెళ్ళడం మానేశాను. బ్లాకు కింద ఎదురుపడితే షిఫ్టు మారిందన్నాను. “మంచిగ తిను” అన్నారు. ఆయన నాతో అన్న చివరి మాట అదే.

ఆయన పోయిన మూడో రోజు వాళ్ళింటికి, ఆంటీ దగ్గరికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియక, వచ్చే ఏడుకి ఎవరి పేరు అనుకున్నారని అడిగేశాను. సిగ్గులేని ప్రశ్న, ఆ గదిలో అడగకూడని ప్రశ్న. ఎవ్వరికీ చెప్పలేదంది. నా ముఖం చూసి, టీ గ్లాసు నా చేతికిచ్చి, నేను అడగనిది చెప్పింది. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి మంచుకు వెళ్ళినప్పుడు ఆయన ఆమెను వాలు మీద వదిలేసి ముందు దిగిపోయారట. పొగమంచు కమ్మింది. రెండు కాళ్ళూ పలకకు కట్టుకుని, విప్పడం చేతకాక, ఆమె ఆ తెలుపులో మూడు గంటలు కూర్చుంది. మళ్ళీ ఆ పలక ఎక్కలేదు.

“మీ అంకుల్ గూడ నీలెక్కనే ఉండె బేటా. ఎప్పుడు జూసినా ముందుకు ఉరుకుడే. గా దినం నుంచి ఎనక ఉండుడు నేర్సిండు.”

ఇన్నేళ్ళూ నాకు మాత్రమే దూరంగా ఉన్నారనుకున్న మనిషి, అందరికంటే నన్నే ఎక్కువ ఎరుగును. అది తెలిసిన క్షణంలో కూడా నాకు కలిగింది దుఃఖం ఒక్కటే కాదు. ఆ తప్పు దిద్దుకోవడానికి ఆయనకు ముప్పై ఏళ్ళు దొరికాయి. దానికీ అసూయపడ్డాను.

ఆయన పోయాక వచ్చిన మొదటి ఆదివారం వెళ్ళాను. ఆయన పేరు చెప్పి ఒక నిమిషం మౌనం పాటించి, అందరం ఎప్పటిలాగే ఎవరి వేగంతో వాళ్ళు బయలుదేరాం. చాంగీలో చూసుకుంటే గుడివాడ ఆంటీ లేదు. ఎవరికీ తెలియదు. వెనక ఎవరూ లేరు కనక ఎవరూ చూడలేదు. దారి తప్పి, ఒక పొద పక్కన గంటసేపు నిలబడి, సైకిలు తోసుకుంటూ ఇంటికి పోయిందట. ఇక రానని సాయంత్రం గుంపులో రాసింది. ఇంకో ముగ్గురు తామూ రామన్నారు. వేగంగా తొక్కేవాళ్ళు వేరే గుంపు పెట్టుకుందామన్నారు. నాకు ఒళ్ళు మండి నాలుగు పెద్ద సందేశాలు రాశాను. మూడు తుడిపేశాను. తర్వాత లిఫ్టెక్కి ఆమె ఇంటికి వెళ్ళాను.

ఇకనుంచి మీ వెనక నేనుంటానని చెప్పాను. ఆమె తలుపు సందులోంచి నన్ను ఎగాదిగా చూసింది.

“నువ్వా బాబూ? నీకంత ఓపికుందా?”

లేదన్నాను. నేర్చుకుంటానన్నాను.

“అయితే నా వెనక నిట్టూర్పులు విడవకూడదు. ఆయన ఒక్కనాడూ విడవలేదు.”

పోయిన ఆదివారం మేమిద్దరమే వెళ్ళాం. రెండుసార్లు నిట్టూర్చాను, రెండుసార్లూ ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఇన్నేళ్ళూ ముందు తొక్కిన నాకు చీకటి దారి, దీపస్తంభాలు తప్ప ఏమీ కనబడలేదు. వెనకవాడికి మనుషులు కనబడతారు. ఆమె భుజాలు ఎక్కడ భయపడతాయో, ఎక్కడ ధైర్యం తెచ్చుకుంటాయో వెనక నుంచి తెలిసిపోతుంది. ఇదంతా ఆయన ఒక్కరే చూశారు ఇన్నాళ్ళూ.

వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు పుంగ్గోల్ జెట్టీ దగ్గరకు రండి. మానేసిన ముగ్గురూ రండి, వేరే గుంపు పెడదామన్నవాళ్ళూ రండి, నిన్ననే సైకిలు నేర్చుకున్నవాళ్ళు తప్పకుండా రండి. నెమ్మదిగా తొక్కేవాళ్ళు ముందు బయలుదేరుతారు. ఆ వేళకు ఇంకా తెల్లారదు. వెనక ఎర్రదీపం వెలిగించుకుని రండి. వంతెన దిగేటప్పుడు ఆ దీపాలన్నీ వరసగా కిందికి జారుతాయి, ఒకటి కాస్త అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. నేను దాని వెనకే ఉంటాను. ఆరున్నరకు.