తీగలకు కట్టిన దారం

"పెట్టె మనదే, తీగ మనదే. మధ్యలో ఆ మనిషి వచ్చి చేసేదేంది?" అన్నాను.

"ఆ పెట్టెకి ఏం చెయ్యాలో చెప్పాల గదమా. అది చెప్పేదానికే వస్తాది," అంది నా కూతురు.

"నోటితో చెప్పేదానికి కూలా? చీపురు పట్టకుండా ఊడ్చేవాళ్ళని నేనీ ఇంట్లో ఇంతవరకూ పెట్టుకోలేదు."

"అయితే నువ్వే పోయి పెట్టెతో మాట్లాడు. రేపు ఏడు గదులు ఖాళీ అయినాక దుప్పట్లు మడత పెట్టుకుంటా కూర్చుందాం, ఇద్దరమూ."

"బెదిరిస్తాండావా?"

"బెదిరించింది నేను కాదు. పైనుండే ఆమె."

పైనుండే ఆమె అంటే మా లాడ్జీలో దిగిన ఫ్రెంచి ఆవిడ. పుదుచ్చేరిలో పాత ఇళ్ళ కొలతలు తీసుకుని బొమ్మలు గీసే పని మీద, ఆరుగురిని వెంటబెట్టుకుని రెండు నెలలకని వచ్చింది. మాకున్నవి పదకొండు గదులు. కింద నాలుగు, మేడ మీద ఏడు. ఆ ఏడూ వాళ్ళవే. ఆ గురువారం పొద్దున ఆవిడ తన ల్యాప్‌టాప్ తెచ్చి నా కూతురి ముందు పెట్టింది. తెర మీద పాస్‌పోర్టుల నకళ్ళు. ఆవిడది, ఆవిడ మనుషులవి, పోయిన ఏడాది మా దగ్గర దిగి వెళ్ళినవాళ్ళవి కూడా. విదేశాలవాళ్ళు దిగితే పోలీసుల కాగితం కోసం నకలు తీసి ఉంచుకోవాలి. మేము వాటిని ఆఫీసు కంప్యూటరులో దాచాం. దాచామనే అనుకున్నాం. ఆవిడ తన గదిలో మంచం మీద కూర్చుని అన్నీ చూసిందట.

ఆవిడ కేకలు వెయ్యలేదు. రేపు టిఫిను వేళకు మళ్ళీ చూస్తాను, అప్పటికీ కనబడితే మేమందరం వేరేచోటికి వెళ్ళిపోతాం అని చెప్పి కాఫీ తాగి వెళ్ళింది. ఆ నిదానానికే నాకు భయం వేసింది. కేకలు వేసేవాళ్ళు సాయంత్రానికి చల్లబడతారు.

నా కూతురు వెంటనే ఆ నకళ్ళకు ఏదో రహస్యపు మాట తాళంగా పెట్టింది. పైకి పోయి చెబితే ఆవిడ తల అడ్డంగా ఊపిందట. తాళం ఒక్క బీరువాకే వేశారు, మీ ఆఫీసు గదిలోకి నేను ఇంకా వస్తూనే ఉన్నాను, మీ బిల్లులు అచ్చేసే యంత్రం కూడా నాకు కనబడుతోంది అందట. అందుకే నా కూతురు తెలిసిన ఒకామెకు ఫోను చేసింది. ఆమె తట్టాంచావడిలో ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్లన్నీ కలిపే తీగల సంగతి చూసుకునే మనిషి. పూట సెలవు పెట్టి వస్తానంది. మా జగడం దాని గురించే.

నేను చదివింది మూడో తరగతి. అదీ పెళ్ళికి ముందు, చిత్తూరు వైపు మా పుట్టింటి ఊళ్ళో. ఆ మూడేళ్ళలో వచ్చిన అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. మా ఆయన పోయాక ఈ ఇంటిని లాడ్జీ చేసి నిలబెట్టింది నేను. గదుల్లో మిగిలిన సబ్బు ముక్కలు నానబెట్టి ఆ నీళ్ళతో మెట్లు కడిగిస్తాను. పనికొచ్చేది పారవేయడం నాకు చేతకాదు, అక్కర్లేనిది కొనడం అంతకన్నా చేతకాదు. ఇంటర్నెట్టు పెట్టించినప్పుడు తీగలు లాగినవాడు మేడ మీదికి రెండు తీగలు కావాలన్నాడు. మా గోడలు పాతకాలపు సున్నపు గోడలు, మూరెడు మందం. ఒక్క కన్నానికే గుప్పెడు గుప్పెడుగా రాలాయి. రెండో కన్నం వెయ్యనివ్వలేదు. డాబా మీద వంటగదిలో మా కంప్యూటరు ఒకటుంది, గదుల నుంచి అడిగిన టిఫిన్లు అందులో రాసుకుంటారు. దానికీ ఏడు గదులకూ కలిపి ఒక్కటే తీగ పైకి పోయింది. తీగలన్నీ కలిసేందుకు కింద ఒక పెట్టె, పైన ఒక పెట్టె. ప్రతి పెట్టెకూ తీగలు దూర్చే కన్నాలు వరసగా ఉంటాయి. ఈ చిక్కంతా ఆ ఒక్క తీగ వల్లనే అని నా కూతురు దెప్పింది.

ఆమె రెండు గంటలకు వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. స్కూటరు మీద ముత్తియాల్‌పేటలో ఇంటికి వెళ్ళి, భోంచేసి మరీ వచ్చిందట. చేతిలో ఒక ల్యాప్‌టాపు, చిన్న తీగ ముక్క. అంతే.

"మీ సామాను యాడుందమ్మా?" అన్నాను.

"ఇదే అవ్వా సామాను."

"గోడ పగలగొట్టాల్నా?"

"ఏమీ వద్దవ్వా. ఉండే తీగ చాలు. మీ పెట్టెలు మంచివే, తెలివైనవి. ఇన్నాళ్ళూ వాటికి ఎవురూ పని చెప్పలేదు."

వాళ్ళది కూడా తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు ఇల్లు. మాట్లాడుతుంది గాని తెలుగు చదవడం రాదంది. నా కూతురితో వీ-ల్యాన్ అనీ, పోర్టు అనీ ఏవేవో చెప్పుకుంటూ పోయింది. నాకు పట్టలేదు. ఉన్న తీగ చాలు అన్న ఒక్కమాట పట్టుకుని, కాస్త మెత్తబడి, కాఫీ పెట్టించాను.

నాలుగింటికి కింది పెట్టె పని అయిపోయిందని ఇద్దరూ మేడ ఎక్కారు. నేను ఆఫీసులో ఒక్కదాన్నే మిగిలాను. గురువారం సాయంత్రం, శుక్రవారానికి ముందు, నేను ఇల్లంతా తుడిపిస్తాను. ఆఫీసు గది మాత్రం ఎవరికీ వదలను, నేనే తుడుస్తాను. పెట్టె మీద దుమ్ము పేరుకుని ఉంది. ఎప్పటిలాగే తీగలన్నీ ఊడదీసి, పాత నూలుగుడ్డతో కన్నాల చుట్టూ తుడిచి, ఒక్కొక్క తీగా మళ్ళీ గుచ్చాను. ఏది చేతికి దగ్గరగా ఉంటే ఆ కన్నంలోకి. ప్రతి వారం అలాగే చేస్తాను. ఎప్పుడూ ఏమీ కాలేదు. లైట్లు మళ్ళీ వెలిగాయి. అది చాలనుకున్నాను.

ఐదున్నరకు మేడ మీద గోల మొదలైతే నేనూ ఎక్కి చూశాను. ఏడు గదుల్లోనూ ఇంటర్నెట్టు పోయింది. ఆమె పై పెట్టెకు చెప్పిందంతా చెరిపేసి మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది. రాలేదు. మళ్ళీ చెరిపింది. ఫ్రెంచి ఆవిడ వరండాలో నిలబడి చేతులు కట్టుకుని చూస్తోంది. వెనక గదిలో ఎవరో బట్టల పెట్టెలు సర్దుతున్న చప్పుడు.

ఆరున్నరకు ఫ్యాక్టరీ ఆమె మాతో కిందికి దిగింది. ముఖం పీక్కుపోయింది. తప్పు తనదేననుకుంటోంది.

"ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తాండా. ఇట్టా ఎప్పుడూ కాలేదు," అంది. కింద గదిలో ఒక అతిథి ల్యాప్‌టాపు అడిగి తీసుకుని చూసింది. "అయ్యో, ఇక్కడ ఇంకా ఆఫీసు కనిపిస్తాండాది! మధ్యాహ్నం నేను మూసినానే. ఈ పెట్టెని ఎవురన్నా ముట్టుకున్నారా?"

"ఎవురు ముట్టుకుంటారు? మా అమ్మ ముట్టుకోనిస్తే గదా!" అంది నా కూతురు. "ఆఫీసు గడప దాటితేనే తిడతాది."

ఇద్దరూ పెట్టె వైపే చూస్తున్నారు. నా వైపు ఎవరూ చూడలేదు. చెప్పకుండా ఉండిపోవచ్చు. ఉంటే ఆమె రాత్రి దాకా తన తప్పు వెతుక్కుంటుంది, రేపు పొద్దున ఏడు గదులూ ఖాళీ అవుతాయి. చెబితే, పొద్దున నేనన్న మాటలన్నీ కూతురి చేతిలో పడతాయి.

"నేనే ముట్టుకున్నాను," అన్నాను. "తీగలు పీకి తుడిచి మళ్ళీ పెట్టినాను."

"ఏ కన్నంలోది ఆ కన్నంలోనే పెట్టినారా అవ్వా?"

"కన్నాలన్నీ ఒకటే గదా!"

ఆమె నవ్వలేదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "నిన్నటి దాకా ఒకటే. ఈ పొద్దు మధ్యాహ్నం నుంచి కాదు. ఈ మూడూ మీవి. ఈ నాలుగూ కింది గదులవి. ఈ కడపటిది మేడకు పోయే తీగది. దాంట్లో మీదీ పోతాది, వాళ్ళదీ పోతాది. పోయే ప్రతిదానికీ గుర్తు వేసి పంపిస్తాం. పై పెట్టె ఆ గుర్తు చూసి విడదీస్తాది. ఆ తీగని ఇంకో కన్నంలో పెడితే గుర్తు తెలియదు, అంతా ఆగిపోతాది."

లేచి లోపలికి పోయి రెండు దుప్పట్లు తెచ్చి ఆమె ఒడిలో పెట్టాను. గదుల దుప్పట్లకు మూలన నీలి దారంతో రెండు కుట్లు వేస్తాను. మా ఇంటివాటికి ఎర్ర దారం. అన్నీ కలిపి ఒకే మూటలో ఉతకడానికి పోతాయి, ఒకే మూటలో వస్తాయి. దారం చూసి విడదీస్తాం. ఇన్నేళ్ళలో మా దుప్పటి అతిథి మంచం మీదికి పోలేదు, అతిథిది మా మంచం మీదికి రాలేదు.

"మూట మీ తీగ. కుట్లు మీ గుర్తు. ఇదేనా?"

ఆమె దుప్పటి మూల వేళ్ళతో తడిమి చూసింది. "ఇదే అవ్వా. ఇది నేర్చుకునేదానికి నేను మదరాసులో తొమ్మిది రోజులు క్లాసుకి పోయినా!"

"తొమ్మిది రోజులూ సుమ్మా, ఊరికే కూర్చోబెట్టినారా?" అన్నాను. అప్పుడు ముగ్గురమూ నవ్వాం. నా కూతురు పొద్దుటి మాటలేవీ తియ్యలేదు. తీస్తుందని ఎదురుచూశాను, తియ్యలేదు.

ఆమె తీగలు సరిచేసింది. నేను దారపు ఉండలు తెచ్చుకుని మా తీగల మెడకు ఎర్ర దారం, గదుల తీగలకు నీలి దారం కట్టాను. మేడకు పోయేదానికి రెండూ పేని కట్టాను. నా కూతురు కన్నాల మీద అదే రంగుల చుక్కలు పెట్టింది. మేడ మీద ఇంటర్నెట్టు మళ్ళీ వచ్చింది, కింద అతిథి ల్యాప్‌టాపులో ఆఫీసు కనబడకుండా పోయింది. పెట్టె కరెంటు ఒకసారి తీసి మళ్ళీ పెట్టినా చెప్పినదంతా గుర్తుంచుకుందో లేదో ఆమె చూసింది. గుర్తుంచుకుంది. ఎనిమిదింటికి ఆమె వెళ్ళిపోయింది. అడిగినది అడిగినట్టు ఇచ్చాను, బేరం ఆడలేదు.

మర్నాడు ఫ్రెంచి ఆవిడ టిఫినుకు దిగి, ల్యాప్‌టాపు తెరిచి చాలాసేపు వెతికింది. తన మనుషుల్లో ఇంకొకతన్ని కూడా వెతకమంది. తర్వాత మూత వేసి, ఇంకొక దోసె అడిగింది. శుక్రవారం మేము దుప్పట్లు మార్చే రోజు. మేడ మీద ఏడు గదులవీ తీసి, మూట కట్టి, ఉతికినవి పరిచాం.